వెబ్ ఆప్షన్లకు ముందు ఒకసారి నాచారం

"డిమాండ్ ఉన్న కోర్సు" అనే మాట మా తండాకు తెల్ల కారులో వచ్చింది. 2013 ఎండాకాలం, ఇంటర్ ఫలితాలొచ్చి ఇంకా వారం కాలేదు. కారులోంచి ఇద్దరు దిగారు. మెడలో కాలేజీ ట్యాగులు, చేతుల్లో రంగు కరపత్రాలు. తండాలో ఎవరెవరు పాసయ్యారో, ఎవరికెన్ని మార్కులో వాళ్ల కాగితంలో ముందే రాసి ఉంది. వేపచెట్టు కింద మంచం వేసి కూర్చోబెట్టాం. "ఎస్టీ పిల్లలు కదా, మీకు రూపాయి ఖర్చు లేదు. ఫీజంతా సర్కారే కడుతది. ఫార్మసీకి ఇప్పుడు మస్తు డిమాండ్" అన్నారు. మా బాపు బడికి పోలేదు గానీ పత్తి అమ్మిన మనిషి. డిమాండ్ అనే మాట మార్కెట్ యార్డులో విన్నవాడు. "డిమాండంటే ఎవరికి కావాలె సారూ? మా పిల్లకా, కంపెనీకా, మీకా?" అని అడిగాడు. ఇద్దరూ నవ్వారు, మంచినీళ్లు తాగారు, పక్కింటికి పోయారు.

బాపు అడిగినదానికి జవాబు నాకు తరగతి గదిలో దొరకలేదు. ఉప్పల్‌లో అద్దె గదిలో ఉంటూ, నాచారం పారిశ్రామికవాడలో పనిచేస్తూ కొంచెం కొంచెంగా తెలుసుకున్నాను. ఇప్పుడు ఇంటర్ చదువుతున్న మన పిల్లల కోసం, వాళ్లకు పాఠం చెప్పే సార్ల కోసం, మేడమ్‌ల కోసం అది రాస్తున్నాను.

ముందు ఈ డబ్బు సంగతి. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల కోసం మొదలైంది, తర్వాత మన తెగలకూ వచ్చింది. ఎస్టీల విషయంలో అందులో కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మిగతా వర్గాల పేదలకు కూడా కాలేజీ ఫీజు కట్టడం మొదలుపెట్టాక ఫీజు రీయింబర్స్‌మెంట్ అనే పేరు ఊరూరా తెలిసిపోయింది. కాలేజీలు కూడా అట్లాగే లేచాయి. కొన్నేళ్లలో ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలే 700 దరిదాపులకు చేరాయి. ఫార్మసీ, ఎంబీఏ కాలేజీలు వేరే. పొలాల మధ్య నాలుగంతస్తుల భవనం, దాని ముందు పసుపు బస్సులు: ఆ రోజుల్లో ఏ జిల్లా రోడ్డు మీద పోయినా ఇదే కనబడేది.

తెలంగాణలో ఇప్పుడు ఈపాస్ పోర్టల్‌లో దరఖాస్తు పెడితే వచ్చేది రెండు రకాలు. ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు, అది కాలేజీ ఖాతాకు పోతుంది. ఎంటీఎఫ్ అంటే తిండికీ ఉండడానికీ ఇచ్చేది, అది విద్యార్థి ఖాతాకు వస్తుంది. ఇంజినీరింగ్ లాంటి కోర్సుల్లో బీసీ విద్యార్థికి ర్యాంకు 10,000 దాటితే మామూలుగా 35,000 రూపాయల వరకే ఫీజు ఇస్తారు. ఎస్సీ, ఎస్టీలకు ర్యాంకుతో పని లేదు. కన్వీనర్ కోటాలో సీటు వస్తే ఆ కాలేజీకి ఖరారు చేసిన ట్యూషన్ ఫీజు మొత్తం ప్రభుత్వానిదే. ఇది మన హక్కు, పోరాడి తెచ్చుకున్న హక్కు. తెల్ల కారు తండాలనూ గూడేలనూ వెతుక్కుంటూ రావడానికి కారణం కూడా ఇదే. ఎస్టీ పిల్ల పేరు రిజిస్టర్‌లో ఎక్కితే చాలు, ర్యాంకు ఎంతైనా పూర్తి ఫీజు లెక్కలో పడుతుంది.

అంటే బాపు అడిగిన ముగ్గురిలో ఒకరి డిమాండ్ నాకు అప్పుడే అర్థమైంది.

నేను బీ ఫార్మసీలో చేరాను. మొదటి ఏడాది పూర్తయ్యేసరికి తెలంగాణ వచ్చింది. 2014లో కొత్త ప్రభుత్వం ఫాస్ట్ అనే పథకం ప్రకటించింది. 1956కు ముందు నుంచి ఈ ప్రాంతంలో ఉన్న కుటుంబాల పిల్లలకే ఫీజు ఇస్తామన్నది. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లను ఏరివేయడానికి పెట్టిన షరతు అది. మా తండాకు మాత్రం పిడుగులా వచ్చింది. 1956 నాటి కాగితం మా దగ్గర ఏముంటుంది? మా తాత ఎప్పుడు పుట్టాడంటే ఫలానా కరువు తర్వాత రెండో వానాకాలం అని చెబుతారు. మా యాడి ట్రంకు పెట్టె మొత్తం బోర్లించింది. దొరికినవి ఒక రేషన్ కార్డు, ఒక పాత శిస్తు రసీదు, మా అన్న టీకాల చీటీ. బాపు తహసీల్ ఆఫీసుకు నాలుగుసార్లు పోయి వచ్చాడు. విషయం హైకోర్టుకు చేరింది. చివరికి 2015లో ప్రభుత్వం ఆ పథకాన్నే వెనక్కి తీసుకుంది. కానీ ఆ ఏడాదంతా కాలేజీలో అటెండెన్స్ తీసుకునే ముందు "స్కాలర్‌షిప్ వాళ్లు నిలబడండి" అనేవాళ్లు. సగం క్లాసు లేచేది. ఎవరు ఎందుకు నిలబడాలో ఎవరికీ తెలియదు. మేం మాత్రం రోజూ నిలబడ్డాం.

2017లో కోర్సు అయిపోయింది. ఆ కాలేజీ పేరు ఇక్కడ రాయను, అట్లాంటివి చాలా ఉన్నాయి. ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే, "మీ రెండేళ్ల ఆర్‌టీఎఫ్ ఇంకా రాలేదు, లక్షకు పైన ఉంది. కట్టి తీసుకుపోండి, సర్కారు ఇచ్చినంక మీకు తిరిగి ఇస్తం" అన్నారు. లక్ష రూపాయలు చేతిలో ఉంటే నాకు స్కాలర్‌షిప్ ఎందుకు? సర్టిఫికెట్లు ఆపి పెట్టుకోవద్దని యూజీసీ 2016లో ఒకసారి, 2018లో మరోసారి కాలేజీలకు చెప్పింది. ఆ కాగితం ప్రింటు తీసి చూపిస్తే అకౌంట్స్ సార్ చదివి, మడిచి నాకే ఇచ్చాడు.

నాచారంలో ఒక మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబుకు ఇంటర్వ్యూ పాసయ్యాను. ఒరిజినల్స్ లేవంటే తీసుకోలేదు. అదే రోడ్డులో ఇంకో చిన్న యూనిట్‌లో ప్యాకింగ్‌లో చేరాను. కాంట్రాక్టర్ కింద, నెలకు 9,500. అక్కడ ఒరిజినల్స్ అడగలేదు, ఆధార్ చాలన్నారు. స్ట్రిప్పులు లెక్కపెట్టి డబ్బాల్లో సర్దడం, ఆకు కాగితం లోపల పెట్టడం, మూత వేయడం. నాలుగేళ్లు ఆ మాత్రలు కడుపులో ఎట్లా కరుగుతాయో చదివాను, పది నెలలు వాటికి డబ్బాలు మూశాను. నా పక్కన కూర్చున్న అక్క ఎనిమిదో తరగతి. ఆమె చేయి నా చేయికన్నా రెండింతలు వేగంగా ఆడేది. "నువ్వు చదువుకున్నదానివి, ఇక్కడ నీకేం పని?" అని ఒక్కసారి కూడా అనలేదు. అందుకు ఆమెకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను. 2018లో డబ్బు విడుదలైంది, సర్టిఫికెట్లు వచ్చాయి, ల్యాబ్‌లోకి పోయాను. ఇప్పుడు హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద పనిచేస్తున్నాను, ఆన్‌రోల్‌లో. అంటే ప్రభుత్వం నా చదువుకు డబ్బు పెట్టింది నిజం, ఆ డబ్బు నాకు ఉద్యోగం తెచ్చింది నిజం. మధ్యలో పది నెలలు నన్ను తాకట్టులో పెట్టింది కూడా నిజమే.

అదే పది నెలల్లో ఇంకోటి చూశాను. ప్యాకింగ్ లైన్ ఆగిపోతే ఒక ఐటీఐ ఫిట్టర్ వచ్చేవాడు. ఇరవై నిమిషాల్లో బెల్టు సరిచేసి పోయేవాడు. అతని జీతం మా లైన్‌లో ఎవరికన్నా రెండింతలు. మా లైన్‌లోనే ఇద్దరు బీటెక్ కుర్రాళ్లు ఉన్నారు, ఒకరిది వరంగల్ వైపు, ఒకరిది నల్లగొండ. వాళ్ల కాలేజీ కరపత్రంలో కూడా "హై డిమాండ్" అనే ఉండి ఉంటుంది.

అందుకే 2019 నుంచి, కరోనా రోజులు తప్ప, ప్రతి ఏడాదీ కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు మొదలయ్యే ముందు మా వైపు పిల్లలను ఇద్దరినో నలుగురినో ఒక రోజు పిలిపించుకుంటున్నాను. వరంగల్ బస్సు ఎట్లాగూ ఉప్పల్‌లోనే ఆగుతుంది. (నారపల్లి దాకా కట్టే ఫ్లైఓవర్ పని 2018లో మొదలైంది. ఆ స్తంభాల పక్కన దుమ్ము తింటూ దిగే పిల్లలకు నగరం గురించి సగం సంగతి నేను చెప్పకుండానే అర్థమవుతుంది.) ఉప్పల్ నుంచి హబ్సిగూడ వైపు పోతుంటే ఎన్‌జీఆర్‌ఐ గోడ, ఆ తర్వాత సీసీఎంబీ, తార్నాకలో ఐఐసీటీ. భూమి లోపల ఏముందో చూసేవాళ్లు, కణంలో ఏముందో చూసేవాళ్లు, మందు ఎట్లా తయారవుతుందో చూసేవాళ్లు ఒకే రోడ్డు మీద ఉన్నారని చెబుతాను. ఆ గోడల లోపలికి పోవాలంటే డిగ్రీ ఒక్కటే చాలదు, పీజీ, పీహెచ్‌డీ దాకా పోవాలి, దానికీ ఫెలోషిప్‌లు ఉన్నాయని కూడా చెబుతాను. పిల్లలకు ఆ రోడ్డు మీద అన్నిటికన్నా నచ్చేది ఉప్పల్‌లోని అద్దాల ఐటీ భవనాలు. దాచడమెందుకు, నాకూ నచ్చుతాయి.

తర్వాత నాచారం. మధ్యాహ్నం రెండు గంటలకు షిఫ్టు మారుతుంది. గేట్ల ముందు చాయ్ బండ్ల దగ్గర నిలబడితే చాలు. లోపలి నుంచి వచ్చేవాళ్లను పిల్లలే అడుగుతారు. ఏం చదివినవ్ అన్నా? ఏ పని చేస్తున్నవ్? కంపెనీ రోల్‌లో ఉన్నవా, కాంట్రాక్టా? చేరి ఎన్నేళ్లయింది? జీతం మాత్రం సూటిగా అడగొద్దని చెబుతాను, అయినా అడుగుతారు, వాళ్లూ చెబుతారు. మన పిల్లలని తెలిస్తే ఇంకా ఎక్కువ చెబుతారు. ఆ గేట్ల దగ్గర గోర్ బోలి మాట్లాడేవాళ్లు తక్కువేం లేరు, కాకపోతే ఎక్కువమంది లోడింగ్‌లో, హౌస్‌కీపింగ్‌లో ఉంటారు. అది కూడా పిల్లలు చూడాలనే తీసుకుపోతాను. సాయంత్రం ఈఎస్ఐ హాస్పిటల్ వైపు పోతాం. డ్యూటీ దిగిన నర్సమ్మలు బస్సు కోసం నిలబడతారు. రామంతాపూర్‌లో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది, కేంద్రానికి చెందిన జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ ఉంది. అక్కడ ఎలక్ట్రానిక్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్ పనులు నేర్పుతారు. మా తండాకు ఆ రెండిటి పేర్లు చెప్పడానికి ఏ కారూ రాలేదు. ప్రభుత్వ సంస్థలకు కమీషన్ ఇచ్చే అలవాటు లేదు కదా.

డిమాండ్ అనేది ఎవరు నిర్ణయించాలి? అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో 2021లో జీ3 అనే పథకం పెట్టారు. ఏ రంగాల్లో మనుషులు కావాలో ప్రభుత్వమే జాబితా వేసింది: వైద్య సేవలు, ఐటీ, చేతిపని వృత్తులు, ప్రజా భద్రత, పసిపిల్లల చదువు. కమ్యూనిటీ కాలేజీలో ఆ కోర్సులు చేసే పేద, మధ్యతరగతి విద్యార్థులకు ఫీజు ఇస్తారు. బాగా పేదవాళ్లకు ఫీజు పైన సెమిస్టర్‌కు 900 డాలర్ల వరకు తిండికీ ప్రయాణానికీ వేరే ఇస్తారు. అక్కడ అంతా బాగుందని చెప్పడం లేదు. సర్కారు జాబితా వేస్తే అది కంపెనీల జాబితా అయిపోయే ప్రమాదమూ ఉంది. మన పిల్లలను ఫిట్టర్లుగా, నర్సులుగా మాత్రమే ఉంచే జాబితా నాకు వద్దు. మన పిల్ల సీసీఎంబీ గోడ లోపల కూడా ఉండాలి. కానీ మన దగ్గర ఆ జాబితా వేసేది సర్కారు కాదు, విద్యార్థి కాదు, చివరికి కంపెనీ కూడా కాదు. సీట్లు నింపుకోవాల్సిన కాలేజీ. ఏ బ్రాంచి పేరు చెబితే పిల్లలు వస్తారో ఆ బ్రాంచిలో సీట్లు పెంచుకుంటారు. ఇప్పుడు కంప్యూటర్ సైన్స్, దాని పిల్ల కోర్సులు ఇంజినీరింగ్ సీట్లలో సగానికి ఎంతో మించిపోయాయి. 2024లో రాష్ట్ర ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అధునాతన కేంద్రాలుగా మార్చే పని మొదలుపెట్టింది. మంచిదే. దాని కరపత్రం పట్టుకుని తండాకు వచ్చేవాళ్లు ఎవరు?

డబ్బు ఎవరి చేతికి పోవాలన్నది ఇంకో ముడి. పక్క రాష్ట్రంలో 2020లో జగనన్న విద్యాదీవెన తెచ్చి, తర్వాత ఫీజు తల్లుల ఖాతాలో వేయడం మొదలుపెట్టారు. తల్లి చేతి మీదుగా ఫీజు కడితే ఆమెకు కాలేజీని అడిగే ధైర్యం వస్తుందన్నారు. అందులో నిజముంది. విడత ఆలస్యమైనప్పుడు మాత్రం కాలేజీ వాళ్లు నేరుగా తల్లికే ఫోన్ చేశారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కాలేజీ ఖాతాకే అన్నారు. మా యాడికి ఇదంతా చెబితే, "ఎవరి ఖాతాలో వేస్తే ఏంది, వేసే తేదీ చెప్పమను" అన్నది. ఈ విషయంలో నేను చదివిన సంపాదకీయాలన్నిటికన్నా నాకు ఆ మాటే నచ్చింది. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీలు బకాయిల కోసం బంద్ చేశాయి. కాలేజీలకు అడగడానికి సంఘం ఉంది, తాళం వేయడానికి గేటు ఉంది. బకాయి ఎవరి పేరు మీద ఉందో ఆ పిల్లలకు రెండూ లేవు.

ఇంకా ఆదాయ పరిమితి. ఎస్టీ తల్లిదండ్రుల ఏడాది ఆదాయం 2 లక్షలు దాటకూడదని ఈపాస్‌లో ఏళ్ల తరబడి నడిచింది. కేంద్రం తన పథకంలో పెట్టుకున్నది 2.5 లక్షలు. నాచారంలో నెలకు 18,000కు వాచ్‌మన్ పనిచేసే తండ్రి లెక్క చూడండి: పన్నెండు నెలలకు 2,16,000. పన్నెండు గంటల డ్యూటీ చేసి, ఉప్పల్‌లో రేకుల గదికి అద్దె కట్టి, 16,000 రూపాయల దగ్గర బిడ్డ ఫీజు పోగొట్టుకునే మనిషి సంపన్నుడా? ఊళ్లోనే ఉంటే అర్హుడు, కూలికి నగరం వస్తే అనర్హుడు. ఈ లెక్క సరిచేయమని అడగాల్సింది మన సంఘాలు. రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెరగడానికి 2022 దాకా ఎదురుచూశాం. దీనికి అంతకాలం పట్టకూడదు.

సార్లకూ మేడమ్‌లకూ ఒక మాట. గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో మీరు ఎంసెట్‌కు (ఇప్పుడు ఈఏపీసెట్) కష్టపడి తయారు చేస్తున్నారు. ర్యాంకు వచ్చాక ఒక గంట ఇంకోటి చెప్పండి. కన్వీనర్ కోటా సీటుకే ఆర్‌టీఎఫ్ వస్తుంది, మేనేజ్‌మెంట్ సీటుకు, స్పాట్ అడ్మిషన్‌కు రాదు. "స్పాట్‌లో చేరు, ఫీజు మేం చూసుకుంటం" అన్నవాడు రెండో ఏడాది కనబడడు. ఒకసారి దరఖాస్తు పెడితే నాలుగేళ్లు నడవదు, ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయాలి. అటెండెన్స్ 75 శాతం ఉండాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిసి ఉండాలి. ఆదాయ ధ్రువపత్రం కొత్తది తీసుకోవాలి. కాలేజీకి ఒరిజినల్స్ ఇచ్చే ముందు అన్నీ జిరాక్స్ తీసి ఒక సెట్ ఇంట్లో పెట్టాలి, ఇచ్చినదానికి రసీదు అడగాలి. పది, ఇంటర్ మెమోలు డిజిలాకర్‌లో దొరుకుతాయి, ఆ లాగిన్ బడిలో ఉన్నప్పుడే చేయించండి. ఇవి చిన్న విషయాలే. నాతో చేరిన తొమ్మిదిమంది ఎస్టీ పిల్లల్లో ఇద్దరు మధ్యలో మానేసింది చదువు రాక కాదు, రెన్యువల్ తప్పిపోయి.

మా చిన్నకాకా బిడ్డ 2024లో ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి ఇట్లాగే నాచారం తిరిగింది. వచ్చేటప్పుడు కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకోటి వద్దంది. ఒక కాలేజీ వాళ్లు స్పాట్‌లో సీఎస్ఈ ఇస్తామని అప్పటికే ఫోన్లు చేస్తున్నారు. ఆ రోజు ఏడు గేట్ల దగ్గర నిలబడి చిన్న నోటుబుక్కులో రాసుకుంది. రాత్రి గదిలో లెక్కపెడితే, రోల్‌లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ల్యాబ్ వాళ్లు, కరెంటు మెయింటెనెన్స్ వాళ్లు. "బాయి, కరెంటు పని ఆడపిల్లకు ఇస్తరా?" అని అడిగింది. పొద్దున్న ఒక యూనిట్‌లో ప్యానెల్ బోర్డు ముందు నిలబడ్డ అమ్మాయిని మేమిద్దరం చూశాం. అదే గుర్తుచేశాను, ఇంకేం చెప్పలేదు. కన్వీనర్ కోటాలో ఎలక్ట్రికల్ పెట్టుకుంది. చిన్నకాకాకు ఇప్పటికీ కొంచెం అసంతృప్తే. పక్క తండా పిల్లవాడు సీఎస్ఈ అని చెప్పుకుంటున్నారు కదా.

ఆ పిల్ల ఇప్పుడు రెండో ఏడాది. నాతోనే ఉప్పల్ గదిలో ఉంటుంది. ఈ ఏడాది రెన్యువల్ దరఖాస్తు ఇంకా కాలేజీ లాగిన్‌లోనే ఆగి ఉంది, అక్కడి నుంచి కదలలేదు. గురువారం సగం రోజు సెలవు పెట్టి ఆ స్కాలర్‌షిప్ సెక్షన్‌కు పోతున్నాను. సగం రోజు జీతం పోతుంది. దరఖాస్తు నంబరు నా ఫోన్‌లో రాసి పెట్టుకున్నాను, యూజీసీ కాగితం ప్రింటు కూడా బ్యాగులో వేసుకున్నాను.